సౌరక్షేత్రములకు పరీక్షకులెవరు?

గుంటూరు మిర్చి యార్డులో కాయ కొనవచ్చిన వ్యాపారి టిక్కీ పైపొరను చూచి ధర చెప్పడు. మూటలోనికి మోచేతివరకు చేయి పోనిచ్చి, అడుగునుండి గుప్పెడు కాయ పైకి లాగి, వంచి, విరిచి, తేమ యెంత యున్నదో, తాలు యెంత కలిసినదో, రంగు నిలుచునో వెలియునో విచారించిన పిదపనే నోరు విప్పును. ప్రత్తి సంగతియు నట్టిదే. కాటన్ కార్పొరేషను కేంద్రమున తేమ 8 శాతము దాటెనా మద్దతు ధరలో కోత పడును; 12 శాతము దాటెనా తెచ్చిన ప్రత్తి తెచ్చినట్లే ఇంటికి మరలును. రైతు ఈ కాఠిన్యమును లోలోపల తిట్టుకొనుచునే తలయొగ్గుచున్నాడు. ప్రతి కాయను, ప్రతి పోగును ఇట్లు పరీక్షకు నిలుపు అలవాటు గల ఈ మైదానమున, ఇరువదియైదేండ్లపాటు వేల ఎకరముల నేలను కప్పియుంచు సోలారు విద్యుత్కేంద్రములను గూర్చిన ప్రతిపాదనలు వినవచ్చుచున్న వేళ, ఒక బోరెము ప్రత్తికి విధించు పరీక్షలో నాలవవంతైనను ఆ నిర్మాణములకు విధించుచున్నామా యని యడుగుట అనుచితము కాదు.

సౌరవిద్యుత్తునకు నేను విరోధిని గాను. బొగ్గును రైళ్లపై తెచ్చి కాల్చి, బూడిదను చెరువులుగా నింపుకొనుటకంటె, తలపై ఊరకనే కురియుచున్న యెండను తీగలలోనికి మలచుకొనుట వివేకమనుటలో సందేహము లేదు. మన రాష్ట్రమున 38,440 మెగావాట్ల సౌరవిద్యుత్తునకు అవకాశము కలదని జాతీయ సౌరశక్తి సంస్థ అంచనా వేసియున్నది. నాటి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామముల పరిసరమున, 5,900 ఎకరములకు పైబడిన నేలపై 2017లో పూర్తియైన వేయి మెగావాట్ల పార్కు, ఒకేచోట నెలకొన్న వానిలో ఆనాటికి ప్రపంచముననే మిన్నయని పేరు గాంచెను. ప్రకాశము జిల్లాపైనను చూపు పడకపోలేదు. వ్యవసాయమునకు పగటిపూట విద్యుత్తు నిచ్చుటకై 2020లో రాష్ట్ర ప్రభుత్వము తలపెట్టిన పదివేల మెగావాట్ల పథకమున దొనకొండ చెంతనున్న రుద్రసముద్రము, కనిగిరి కావలనున్న సి.ఎస్. పురము పేర్లు వినవచ్చినవి. ఆ టెండర్లు 2021లో హైకోర్టు తీర్పుతో రద్దైనను, 2024 అక్టోబరులో వెలువడిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానముతో అట్టి ప్రయత్నములకు మరల ఊపు వచ్చినది. కావున రాబోవు దానిని వచ్చినపిదప విమర్శించుటకంటె, రాకముందే దానికి నియమము లేర్పరచుకొనుట మేలు.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలయును. ఎండ మెండుగా నున్నచోట విద్యుత్తును మెండుగా పుట్టునని, రెంటచింతల వంటి ఊరు సోలారునకు పుట్టినిల్లని, పలువురు తలంతురు. సోలారు పలకకు కావలసినది వెలుతురు. వేడి దానికి శత్రువు. పలకపై ముద్రించిన సామర్థ్యము 25 డిగ్రీల వద్ద కొలిచినది. అంతకు పైబడిన ఒక్కొక్క డిగ్రీకి దాదాపు 0.3 నుండి 0.4 శాతము ఉత్పత్తి తరుగును. వైశాఖ మధ్యాహ్నమున పలనాటి ఎండలో పలక 65 డిగ్రీలకు కాగినచో, కాగితముపై నూరుగా నున్నది 84కును 88కిని నడుమ నిలుచును. ఆకసము నిర్మలముగా నుండి, గాలి యింకను చల్లగా వీచు మాఘ, ఫాల్గుణములే పలకకు మంచి దినములు. కనుక పలకలను నేలకెంత యెత్తున నిలిపిరి, వాని వెనుక గాలి యాడుచున్నదా లేదా యనునది కూడ పరీక్షింపదగిన విషయమే.

అంతకంటె ముఖ్యమైనది మన్ను. పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, ప్రత్తిపాడు ప్రాంతములకు ప్రత్తిని, మిరపను ప్రసాదించిన నల్లరేగడి, కట్టడములకు మాత్రము మిక్కిలి కష్టమైన నేల. వానకు తడిసి ఉబ్బును. ఎండకు ఎండి కుంచించుకొని, చేయి దూరునంత నెర్రెలు విచ్చును. అందు పాతిన ఇనుప స్తంభమును ఉబ్బిన మన్ను పైభాగమున పట్టుకొని మీదికెత్తును. ఎండిన మన్ను విడిచిపెట్టినను అది మరల తన చోటికి దిగదు. ఏటేట ఈ యాట సాగగా, వరుసలోని ఒక స్తంభము రెండంగుళములు లేచి, దాని ప్రక్కది లేవక, వానిపై బిగించిన పలకల చట్రము మెలిపడును. పలక పగులదు, పగిలినచో కంటికైనను కనబడియుండును. లోపలి సిలికాను రేకులో వెండ్రుకవంటి చీలిక యేర్పడి, ఏండ్లు గడచినకొలది ఉత్పత్తిని హరించును. ఇట్టి నేలకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున ఉబ్బెత్తు గల కాంక్రీటు పైళ్లను రూపొందించిరి. లోతైన రేగడిలో అవి మూడున్నర మీటర్లకు తగ్గరాదని భారతీయ ప్రమాణము. అంత లోతు త్రవ్వి కాంక్రీటు పోయుటకు వ్యయమగును. వ్యయమునకు వెఱచి పొట్టి ఇనుప స్తంభములతో సరిపెట్టినచో నష్టము వెంటనే తెలియదు. తెలియునాటికి గుత్తేదారు బిల్లు తీసికొని వెడలిపోయియుండును.

స్తంభముల పట్టును తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. పని మొదలిడుటకు ముందు క్షేత్రమున అక్కడక్కడ కొన్ని స్తంభములను పాతి, గొలుసు తగిలించి జాకీతో పైకి లాగుదురు, ప్రక్కకును నెట్టుదురు, ఎంత బరువునకు ఎన్ని మిల్లీమీటర్లు కదలెనో ముల్లుగల కొలమానముతో గుర్తింతురు. చూచుటకు సులభమే, కాని ఇందొక కిటుకున్నది. మే మాసమున ఎండి రాయివలె బిగిసిన రేగడిలో ఈ పరీక్ష జరిపినచో ఏ స్తంభమైనను నెగ్గును. అదే స్తంభము కార్తికమున తుపాను వాన పడి బంకయైన మన్నులో నిలుచునా యనునదే అసలు ప్రశ్న. మన మైదానమున పెనుగాలియు తడినేలయు జంటగానే వచ్చును. 2023 డిసెంబరు 5న మిచౌంగు తుపాను బాపట్ల చెంత తీరము దాటినపుడు చేలలోని మిరపయు, విచ్చిన ప్రత్తియు ఏమైనవో ఎరుగనివారు లేరు. అట్టి గాలి ఏటవాలు పలకల క్రిందికి చొరబడి వానిని పైకెత్తును. ఆ వేళ వానిని పట్టియుంచవలసిన మన్ను మెత్తబడియుండును. కావున రేగడి నేలలో తడికాలపు పరీక్ష లేనిదే పనికి అనుమతి నీయరాదు.

మన్ను తరువాత చేతిపని. లక్షల పలకలు, అంతకు పెక్కు రెట్లు బోల్టులు, వేల మైళ్ల తీగ గల నిర్మాణమున లోపము పెద్ద యంత్రములో నుండుట అరుదు; అది చిన్న కనెక్టరులో దాగియుండును. పలకనుండి పలకకు తీగను కలుపు ఈ ప్లాస్టికు కొనలు రెండును ఒకే సంస్థవి కానిచో, ఇమిడినట్లే కనబడును గాని లోపల సరిగా అంటుకొనవు. ఆ సందున వేడి పుట్టి, ప్లాస్టికు మెత్తబడి, నిప్పురవ్వ లేచును. ఇండ్లలోని విద్యుత్తు క్షణమునకు నూరుమార్లు శూన్యమునకు వచ్చి పోవునది గనుక రవ్వ ఆరుటకు వీలుండును. పలకలనుండి వచ్చు ఏకముఖ విద్యుత్తునకు అట్టి విరామము లేదు, 1500 వోల్టుల వరకు నుండు దాని రవ్వ తనంతట ఆరదు. వేసవిలో పలకల క్రింద గడ్డి యెండియున్న వేళ, కంచె కావల ప్రత్తికట్టె నిలిచియున్న వేళ, దాని ఫలితమెట్టిదో ఊహింపవచ్చును. డ్రోనుకు అమర్చిన థర్మల్ కెమెరాతో చూచినచో ఇట్టి వేడిచోట్లు తెల్లని చుక్కలై బయటపడును. మెగ్గరుతో తీగ పైపొర పట్టును, ఎర్తింగును కొలువవచ్చును. టార్కు రెంచితో బోల్టు బిగింపును సరిచూడవచ్చును. సాధనములకు లోటు లేదు. వానిని ఎవరు పట్టుకొనిరి, ఎవరి కూలికి పట్టుకొనిరి యనునదే ప్రశ్న.

చట్టమున పరీక్షలు లేకపోలేదు. 2003 నాటి విద్యుచ్ఛట్టము ననుసరించి విద్యుత్తు తనిఖీ అధికారి అనుమతి పొందవలయును. పలకలు కేంద్రము ఆమోదించిన జాబితాలోనివై యుండవలయును. కాని ఈ తనిఖీలు ప్రధానముగ విద్యుద్భద్రతకును, వస్తువు రకమునకును సంబంధించినవి. స్తంభమెంత లోతున దిగినది, ఇనుముపై జింకు పూత యెంత మందమున్నది, వాననీరు ఎవరి చేలలోనికి మరలింపబడినది యను విషయములు సాధారణముగ కట్టించువానికిని కట్టువానికిని అప్పిచ్చు బ్యాంకునకును నడుమ నడచు కాగితములలోనే యుండిపోవును. ఆ కాగితములు ఆంగ్లమున నుండును; ఊరికి చేరవు.

యజమాని తన సొమ్మును తానే కాపాడుకొనును గదా, మనకేల యను వాదము కలదు. కర్నూలు పార్కు చరిత్ర దీనికి సమాధానము. అందు 500 మెగావాట్లకు 2015 నవంబరులో యూనిటుకు 4 రూపాయల 63 పైసల ధర పాడి గెలిచిన అమెరికా సంస్థ సన్ ఎడిసన్, ఆరు మాసములు తిరుగకుండ దివాలా తీసెను. దాని భారతదేశపు ఆస్తులు గ్రీన్‌కో వశమైనవి. అదే పార్కులో 350 మెగావాట్లు నెలకొల్పిన ఎస్.బి. ఎనర్జీ 2021లో అదానీ సంస్థలో కలిసెను. యజమానులు మారుట నేరము కాదు, వ్యాపారధర్మము. నేల మాత్రము ఆ యూరిదే, ఆ యూరివారు మారలేదు. పైగా ధర దిగుచున్నకొలది మిగులు సన్నగిలును. 2017 ఏప్రిలులో కడప పార్కునకు 3 రూపాయల 15 పైసలకే పాట ముగిసినపుడు మనమందరము సంతోషించితిమి, సంతోషింపదగినదే. అయినను పైసలలో పోటీ పడువారు పొదుపునకు మొదట వెదకు చోటు కంటికి కనబడని ఇనుమును, కాంక్రీటునే యని మరువరాదు.

స్థలనిర్ణయమున నా అభిప్రాయము స్పష్టము. సాగరు కుడికాలువ నీరు పారు రేగడిని సోలారునకు ఈయరాదు. ఒక మెగావాటుకు ఐదారు ఎకరములు కావలయును. అంత ప్రత్తి, మిరప పండు నేలను కప్పివేసి, కట్టడమునకు పనికిరాని మన్నులో అధికవ్యయముతో స్తంభములు పాతుట ఉభయభ్రష్టత్వము. దొనకొండ, కనిగిరి, మార్కాపురము వైపున రాతినేలలు, బీళ్లు కలవు. అచట స్తంభమునకు గుంత త్రవ్వుట కష్టమైనను నిలుచుట నిశ్చయము. కాని అచ్చటను రెండు షరతులు. పలకలపై దుమ్ము కడుగుటకు నీరు కావలయును. కనిగిరి ప్రాంతమున త్రాగునీటికే ఫ్లోరైడు బాధ. అట్టిచోట పలకలకొరకు బోర్లు వేయుట పాపము. ఉప్పునీటితో కడిగిన అద్దముపై తెల్లని పొర మిగులును గనుక లాభమును లేదు. నీరక్కరలేని కుంచెయంత్రములనే వాడవలయును. రెండవది, బీడని రికార్డులలో వ్రాసినదెల్ల నిజముగ బీడు కాదు. అది గొర్రెలకాపరికి మేత, పట్టా లేని పేదకు కందిచేను.

సరిహద్దు కావల కర్ణాటకమున, తెలుగు మాటాడువారు విస్తారముగ నున్న పావగడ తాలూకాలో, 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల పార్కు వెలసినది. అచట భూమిని కొనక, ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్లకొకమారు 5 శాతము పెంచు నియమముతో, 28 ఏండ్లకు కౌలునకు తీసికొనిరి. కరవుతో వేసారిన భూస్వామికి అది వరమైనది. భూమి లేని కూలివానికిని, మందలు మేపుకొనువానికిని ఆ కౌలులో వాటా లేదు. వారి పని పోయినది. మిరపసాగు విశేషభాగము కౌలురైతుల చేతులమీదనే నడచు మన జిల్లాలలో ఈ లోపము మరింత బాధించును. భూమిని కొనుటకంటె కౌలే మేలు. ఆ కౌలుపత్రమున కౌలురైతునకు, కూలికి, కాపరికి చోటుండవలయును. పలకల క్రింద గొర్రెలను మేయనిచ్చినచో గడ్డికి గడ్డి తగ్గును, నిప్పు భయమును తగ్గును.

ఇన్ని తనిఖీలు పెట్టినచో పెట్టుబడిదారులు పారిపోదురని అందురు. తేమ కొలిచినందున ప్రత్తి కొనువారు పారిపోలేదు. పరీక్ష నిక్కమైనచోటనే అప్పిచ్చువాడు తక్కువ వడ్డీకి ఇచ్చును. ప్రభుత్వము చేయవలసినది స్వల్పము. పరీక్షకుని గుత్తేదారు నియమింపరాదు. రుసుమును కంపెనీ ప్రభుత్వమునకు చెల్లించినచో, ప్రభుత్వము మన ఇంజనీరింగు కళాశాలల ఆచార్యులలోనుండియు స్వతంత్ర నిపుణులలోనుండియు అతనిని నియమింపవలయును. పని ముగియుటకు ముందొకమారు, పిదప ఏటేట, ప్రతి తుపాను తరువాతను పరీక్ష జరిపి, నివేదికను తెలుగున వ్రాసి గ్రామ సచివాలయమున ఉంచవలయును. కాలము తీరిన పలకలు 2022 నాటి ఈ-వ్యర్థముల నియమముల క్రిందికి వచ్చుచున్నవి గనుక, వానిని తొలగించి నేలను యథాస్థితికి తెచ్చుటకగు సొమ్మును తొలినాడే డిపాజిటుగా గైకొనవలయును.

ప్రభుత్వము చేసినను చేయకున్నను, రైతుల చేతిలో ఒక అధికారము కలదు, అది సంతకము. మీ నేలను కౌలునకడుగ వచ్చినవారిని మన్ను పరీక్ష ఏ మాసమున జరిగినదో, ఎవరు జరిపిరో చెప్పుమని, నివేదికను గ్రామసభలో తెలుగున చదివి వినిపించుమని అడుగుడు. చదివి వినిపించువరకు సంతకము చేయకుడు.