మట్టెవాడ తన కథ తానే చెప్పుకొనవలెను

ఓరుగల్లు చరిత్ర యనగానే కాకతీయ ప్రభువుల నామములు స్మృతికి వచ్చును. 1163 నాటి వేయిస్తంభముల గుడి శాసనమును, 1213 నాటి పాలంపేట శాసనమును, 1323లో జరిగిన ఓరుగల్లు పతనమును బడిపిల్లవాడును చెప్పగలడు. కాని యా బాలునే పిలిచి, నీ వాడ కీ పేరెట్లు వచ్చినది, నీ వీధిలోని బావి నెవరు త్రవ్వించిరి, నీ తాత యే వృత్తితో కుటుంబమును పోషించెను అని యడిగినచో తెల్లమొగము వేయును. ఆ దోషము బాలునిది కాదు. అతనికి చెప్పవలసిన పెద్దలు చెప్పలేదు. వ్రాసి యుంచవలసిన యూరు వ్రాసి యుంచలేదు.

ఓరుగల్లు కోటకు వెలుపల, భోగేశ్వరాలయము నాశ్రయించుకొని యున్న మట్టెవాడయే యిందుకు నిదర్శనము. ఓరుగల్లు తివాచీ 1851లో లండను మహాప్రదర్శనమున నిలిచినది. 2018లో ఓరుగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. వస్తువు పేరు గ్రంథముల కెక్కినది. దానిని నేసిన చేతుల పేర్లెక్కడ? 1946లో ఓరుగల్లు కోటలో మొగిలయ్య జాతీయపతాకము కొఱకు ప్రాణము లర్పించెను. ఆ దినములను కన్నులార చూచినవారు నేడెందఱు మిగిలి యున్నారు? ఒక్కొక్క వృద్ధుడు గతించినప్పుడెల్ల నొక్కొక్క దస్తావేజుల పెట్టె దగ్ధమగుచున్నది.

ఈ కార్యమునకు మనకు పూర్వులు చూపిన త్రోవ కలదు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారు ప్రభుత్వాజ్ఞకై వేచియుండలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించెను. ఇటీవలి కాలమున తెలంగాణ సాహిత్య అకాడమీ 'మన ఊరు – మన చరిత్ర' యను పేర, కళాశాల విద్యార్థులచే వారి వారి గ్రామముల చరిత్రలను వ్రాయింప బూనినది. ఈ యుద్యమమును మేము మనసార స్వాగతించుచున్నాము. అయితే విద్యార్థి చదువు ముగించి వెడలిపోవును, ఊరు నిలిచియుండును. భారము ఊరే వహింపవలెను.

వృద్ధుల మాటలు పుక్కిటి పురాణములని కొందఱు పండితులు తీసివేయుదురు. న్యాయస్థానమున నోటి సాక్ష్యమును త్రోసివేయరు, పరీక్షింతురు. చెప్పినవా రెవరు, ఎన్నడు చెప్పిరి, తామే చూచిరా, ఇతరులవలన వినిరా యను విషయములను ప్రతి వాఙ్మూలము క్రిందను వ్రాయవలెను. ఇరువురి మాటలు భిన్నమైనచో రెండును వ్రాయవలెను. తీర్పు చెప్పుటకు రాబోవు తరమువా రున్నారు.

మఱియొక ప్రమాదము కలదు. మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులలో విశేషముగా వినబడునది కరణముల గొంతుక. నేడును పలుకుబడి గలవారి యింటి వరండాలో కూర్చుండి వ్రాసినచో, అది వారి వంశస్తోత్ర మగునే గాని యూరి చరిత్ర కానేరదు. సాలెల మగ్గము, కుమ్మరి సారె, మాదిగవాడ, ముసల్మానుల గల్లీ, స్త్రీల వంటిల్లు, అన్నిచోట్లకును పోవలెను. వెట్టిచాకిరి చేసినవారి మాట, చేయించుకొన్నవారికి రుచింపకున్నను వ్రాయవలెను. పొగడ్తతో నిండిన పుస్తకమునకంటె తెల్లకాగితమే మేలు.

కావలసినది గొప్ప ధనరాశి కాదు. ప్రతి వాడయందును పదిమంది కలిసి, తొలుత డెబ్బది యేండ్లు దాటినవారి జాబితా వ్రాసికొని, వారానికొకరి యింటికి పోవుదురు గాక. చట్టము జాబితా కెక్కిన కట్టడములనే కాపాడును. వీధిమలుపునందలి శాసనశిలకు ఆ వీధివారే కావలి. దానిని కదలింపక, సున్నము పూయక, ఛాయాచిత్రము తీయవలెను. ఇండ్లలోని పాతకాగితములకు నకళ్లు తీసికొని, మూలములను సొంతదారులకే తిరిగి యీయవలెను. వ్రాసినదాని ప్రతులు బడిలో నొకటి, గ్రంథాలయమున నొకటి, కాకతీయ విశ్వవిద్యాలయమున నొకటి యుంచవలెను.

తన కథ తాను చెప్పుకొనని యూరికి ఇతరు లేదో యొక కథ కల్పింతురు. పిమ్మట దానినే నమ్మి కలహించువారును బయలుదేరుదురు. కావున మట్టెవాడ యువకులారా, ఈ యాదివారమే కాగితము, కలము చేతబట్టి, మీ వీధిలోని పెద్దమ్మ యొద్దకు పొండు. ఆమె చెప్పుటకు సిద్ధముగానే యున్నది. ఇంతవఱకు నడిగినవారు లేరు.