బడిసంచిలో సెల్‌ఫోన్



బడికి వెళ్ళే బిడ్డ చేతికి సెల్‌ఫోన్ ఇవ్వవచ్చునా? ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంటి గడప తొక్కింది. ఈ నెల దానిని గురించే మీతో మాట్లాడదలచాము.

ఈ అలవాటు మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో ముందు గుర్తు చేసుకొందాము. 2020లో కరోనా వలన బడులు మూతబడ్డాయి. పాఠాలు ఫోనులో వినవలసి వచ్చింది. కొందరు అప్పు చేసి మరీ కొనిచ్చారు. తరువాత బడులు తెరిచారు గాని, ఇచ్చిన ఫోనును తిరిగి తీసుకోవడం చాలామందికి చేతకాలేదు.

పాఠం మధ్యలో ఫోను వైపు మనసు మళ్ళిన విద్యార్థి మరల కుదురుకోవడానికి 20 నిమిషాల వరకు పట్టవచ్చునని 2023లో యునెస్కో నివేదిక తెలిపింది. 45 నిమిషాల పీరియడ్‌లో 20 నిమిషాలు పోతే ఇక మిగిలేదెంత? ఆ నివేదిక వచ్చిన తరువాత, అదే సంవత్సరం ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులలో విద్యార్థుల ఫోన్లను నిషేధించింది. ఉపాధ్యాయులు కూడా తరగతి గదిలోకి ఫోను తీసుకొనిపోరాదన్నది. ఫ్రాన్సు దేశం 2018లోనే ప్రాథమిక, మాధ్యమిక బడులకు ఇట్టి చట్టం చేసింది.

దీనివలన మేలు ఎవరికి? ఇంగ్లండులో 91 బడులను పరిశీలించి 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఫోను నిషేధించిన చోట ఎక్కువగా లాభపడినవారు చదువులో వెనుకబడిన పిల్లలేనని తేలింది. బాగా చదివే పిల్లలలో చెప్పుకోదగిన మార్పు లేదు. ఇది మనము ఆలోచించవలసిన మాట. ట్యూషన్ పెట్టించే స్తోమత లేని ఇంటి బిడ్డకు తరగతి గదిలో విన్నదే చదువు. అది పోతే ఆ బిడ్డకు వేరే దారి లేదు.

అయితే నిషేధం ఒక్కటే చాలదు. ఇంగ్లండులోనే 30 బడులలో జరిపిన మరొక అధ్యయనం 2025లో వెలువడింది. ఫోను నిషేధించిన బడుల పిల్లలకూ, అనుమతించిన బడుల పిల్లలకూ మానసిక ఆరోగ్యంలో తేడా కనబడలేదు. రోజు మొత్తంలో వారు ఫోను చూసే సమయం పెద్దగా తగ్గకపోవడమే దానికి కారణమని పరిశోధకులు భావించారు. బడి గేటు దగ్గర ఆపినది ఇంటి తలుపు దగ్గర ఆగలేదన్నమాట.

దూరం నుండి బస్సులో వచ్చే ఆడపిల్లకు ఫోను అవసరమే గదా అంటారు. నిజమే. మాట్లాడటానికి మాత్రమే పనికివచ్చే చిన్న ఫోను ఇవ్వండి. బడిలో ఉన్నంతసేపు దానిని ఆఫీసులో ఉంచమనండి. అత్యవసరమైతే బడి ఆఫీసుకే ఫోను చేయండి. మధుమేహం వంటి జబ్బున్న బిడ్డకు ఫోనుతో పని ఉంటే ముందుగానే ప్రధానోపాధ్యాయునితో మాట్లాడండి.

ఇక ఇంటి సంగతి. భోజనం వేళ, చదువుకొనే వేళ, పడుకొనే వేళ ఫోన్లన్నీ ఒకచోట పెట్టండి. పిల్లలవే కాదు, పెద్దలవి కూడా. ఉపాధ్యాయునికి వర్తించిన నియమం తండ్రికీ, తల్లికీ వర్తించకపోతే బిడ్డ దానిని శిక్ష అనుకొంటాడు గాని క్రమశిక్షణ అనుకోడు.

ఈ రాత్రి భోజనానికి కూర్చొనే ముందు, మొదటి ఫోను మీరే పక్కన పెట్టండి.