రైఫిల్ కన్ను ఎంత దూరం చూడాలి?

జంషెడ్‌పూర్: ఉక్కు నగరానికి ఉత్తరాన దల్మా కొండలు, నైరుతి దిశలో చాయిబాసా దాటి వెళితే సారండా సాల వృక్షాల అడవులు. ఈ ప్రాంతంలో గస్తీ తిరిగే జవాను చేతిలోని రైఫిల్‌పై ఏ అద్దం అమర్చాలన్నది పైకి చాలా చిన్న విషయం. రైఫిళ్ల కొనుగోలుపై పార్లమెంటులో ప్రశ్నలు వస్తాయి, పత్రికలలో శీర్షికలు వస్తాయి. రైఫిల్ మీద బిగించే టెలిస్కోపిక్ సైటు గురించి మాత్రం టెండరు పత్రాలు చదివేవారు తప్ప మరెవరూ పట్టించుకోరు. కాగా ఎదుట పొదల మాటున కదిలిన మనిషి భుజంపై ఉన్నది తుపాకియా, విల్లా, కట్టెల మోపు కట్టే కావడి బద్దయా అన్నది తేల్చేది ఆ అద్దమే.

2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ ప్రకటించిన తీవ్ర ప్రభావిత జిల్లాల జాబితాలో ఆరే జిల్లాలు మిగిలాయి. వాటిలో జార్ఖండ్‌కు చెందినది పశ్చిమ సింగ్‌భూం ఒక్కటే. తూర్పు సింగ్‌భూంలోనూ గతం రక్తసిక్తమే. జంషెడ్‌పూర్ లోక్‌సభ సభ్యుడు సునీల్ మహతోను 2007 మార్చి 4న ఘాట్‌శిలా సమీపంలో ఫుట్‌బాల్ పోటీ జరుగుతున్న చోటనే మావోయిస్టులు కాల్చి చంపారు. మన గ్రేహౌండ్స్ నమూనాను చూసి జార్ఖండ్ ప్రభుత్వం 2008లో జార్ఖండ్ జాగ్వార్ పేరిట ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసుకున్నది. 2026 మార్చి 31ని మావోయిస్టు సమస్య అంతానికి గడువుగా కేంద్రం ప్రకటించిన సంగతి విదితమే. ఈ పోరు కోసం కొన్న ఆయుధాల మాట ఎలా ఉన్నా, వాటితో గురి చూసే సాధనాల ఎంపిక ఏ ప్రాతిపదికన జరగాలన్నది ఇక్కడ ప్రస్తావించదగిన అంశం.

భారత సేనలకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొత్త కాదు. ఈశాపూర్ కర్మాగారంలో తయారైన 7.62 మిల్లీమీటర్ల ఎస్ఎల్ఆర్ అచ్చంగా ఆ కోవకే చెందుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండు మాత్రమే వెలువడుతుంది. దశాబ్దాల పాటు సైన్యం, ఆ తరువాత రాష్ట్రాల పోలీసులు దానినే మోశారు. పోలీసుల నుంచి దోచుకున్న ఎస్ఎల్ఆర్‌లు మావోయిస్టుల చేతికీ చేరాయి. అయితే ఆ రైఫిల్‌ను మన జవాను వాడింది చాలావరకు మామూలు ఇనుప సైట్లతోనే. బ్రిటిష్ సైన్యం అదే కుటుంబానికి చెందిన తన రైఫిల్‌కు నాలుగు రెట్లు పెద్దదిగా చూపే ట్రైలక్స్ సైటును బిగించి ఉత్తర ఐర్లండ్ వీధులలో వాడింది. రైఫిల్ పాతదే, చూపు మారింది. మన దేశంలో టెలిస్కోపిక్ సైటుతో కూడిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అంటే ప్రధానంగా రష్యా తయారీ ద్రగునోవ్. అది ఎంపిక చేసిన గురికాండ్రకే పరిమితం.

నాలుగు రెట్లు అంటే ఏమిటో లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఆరోగ్యవంతమైన కన్ను విడదీసి చూడగల అతి చిన్న కోణం ఒక డిగ్రీలో సుమారు అరవయ్యో వంతు. 100 మీటర్ల దూరంలో అది దాదాపు 3 సెంటీమీటర్లు, 200 మీటర్లకు 6 సెంటీమీటర్లు. అంటే 200 మీటర్ల దూరాన మనిషి చేతిలో సన్నటి పొడవైన వస్తువు ఏదో ఉన్నదని తెలుస్తుందే తప్ప అది తుపాకి గొట్టమా, వెదురు కర్రా అన్నది తెలియదు. నాలుగు రెట్ల అద్దం ఆ 6 సెంటీమీటర్లను ఒకటిన్నరకు కుదిస్తుంది. అప్పుడు తుపాకి మడమ, మేగజీన్ ఆకారం కనిపిస్తాయి. విల్లు అయితే దాని వంపు కనిపిస్తుంది.

కొల్హాన్ ప్రాంతంలో ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న దల్మా అభయారణ్యంలో ఏటా వేసవిలో ఆదివాసీలు సేంద్రా పేరిట వేట పండుగ జరుపుకుంటారు. వందల సంఖ్యలో జనం విల్లంబులు, బల్లేలు పట్టుకుని కొండ ఎక్కుతారు. అటవీశాఖ అడ్డు చెప్పడం, సంప్రదాయమని పెద్దలు వాదించడం ఏటేటా జరిగే తంతే. పంట కాపలాకు, చిన్న వేటకు నాటు తుపాకి ఉంచుకునే కుటుంబాలు జార్ఖండ్ పల్లెలలో ఇప్పటికీ ఉన్నాయి. 2021 జూన్‌లో లాతేహార్ జిల్లా పిరి గ్రామం వద్ద అటువంటి తుపాకులతో వేటకు బయలుదేరిన ఆదివాసీల బృందం భద్రతా దళాలకు ఎదురైంది. కాల్పులలో ఒక యువకుడు మరణించాడు. అదే ఏడాది డిసెంబరు 4న నాగాలాండ్‌లోని మోన్ జిల్లాలో బొగ్గు గని నుంచి ఇంటికి తిరిగి వస్తున్న కూలీలను తీవ్రవాదులుగా పొరబడి సైన్యం కాల్చగా ఆరుగురు అక్కడికక్కడే చనిపోయారు. ఈ దుర్ఘటనలకు కారణం అద్దం లేకపోవడమేనని ఎవరూ అనలేరు. ముందస్తు సమాచారంలో లోపం, తొందరపాటు, జవాబుదారీతనం లేకపోవడం వంటి కారణాలెన్నో ఉంటాయి. అయినప్పటికీ ఎవరిని కాల్చుతున్నామో తేల్చుకోవడమే సైటు ప్రథమ ప్రయోజనమన్న దృష్టితో ఎంపిక జరగాలనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఎంత దూరం కాల్చగలమన్నది ఆ తరువాతి ప్రశ్న.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. టెలిస్కోపిక్ సైటుతో చూడడమంటే ఆ రైఫిల్‌ను ఎదుటి మనిషి వైపు గురిపెట్టడమే. గేదెలు కాసుకునే కుర్రవాడు ఎవరో తెలుసుకోవడానికి గుండు నింపిన రైఫిల్ గొట్టాన్ని అతని గుండెకు ఎక్కుపెట్టి చూడడం ఏ శిక్షణ గ్రంథమూ హర్షించని పని. కనుక ప్రతి సెక్షన్‌కూ ఒకటో రెండో మంచి బైనాక్యులర్లు ఇవ్వకుండా రైఫిళ్లకు ఖరీదైన స్కోపులు బిగించడం సగం పనే అవుతుంది. బైనాక్యులర్ చవకైనది, దానిలో ఆకర్షణ లేదు గనుక ప్రదర్శనలలో మంత్రుల చేతికి దానిని ఇచ్చి ఫొటోలు తీయరు.

రెట్లు పెరిగిన కొద్దీ మేలు పెరుగుతుందనుకోవడం మరో పొరపాటు. ద్రగునోవ్‌పై ఉండే పీఎస్ఓ-1 సైటునే తీసుకుందాం. నాలుగు రెట్లు, 24 మిల్లీమీటర్ల ముందు అద్దం, ఆరు డిగ్రీల దృష్టి క్షేత్రం. 100 మీటర్ల దూరంలో దాదాపు పదిన్నర మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అదే 20 మీటర్ల దూరంలో అయితే రెండు మీటర్లే. సారండాలో వర్షాకాలం తరువాత పొదలు దట్టంగా ఎదిగినప్పుడు ఎదురుకాల్పులు జరిగే దూరం చాలాసార్లు వంద మీటర్లలోపే ఉంటుంది. అటువంటి చోట నాలుగు రెట్ల అద్దంలో కన్ను పెట్టిన జవానుకు ఒక చెట్టు బెరడు స్పష్టంగా కనిపిస్తుంది, దాని పక్కనున్న మనిషి కనిపించడు. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెద్దదై కనిపిస్తుంది. కొండ ఎక్కి ఆయాసపడుతున్న వానికి ఎనిమిది రెట్ల అద్దంలో లక్ష్యం నిలకడగా నిలవదు.

వెలుతురు సంగతి మరొకటి. ముందు అద్దం వ్యాసాన్ని రెట్ల సంఖ్యతో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం ఎంతో తెలుస్తుంది. పీఎస్ఓ-1లో అది 6 మిల్లీమీటర్లు. మునిమాపు వేళ యువకుని కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది గనుక ఆ అద్దం చీకటి పడే వేళ కూడా ఉపయోగపడుతుంది. 28 మిల్లీమీటర్ల అద్దాన్ని ఎనిమిది రెట్లకు తిప్పితే వలయం మూడున్నర మిల్లీమీటర్లకు పడిపోతుంది, దృశ్యం మసకబారుతుంది. దానినే నాలుగు రెట్లకు తగ్గిస్తే మళ్లీ ఏడు మిల్లీమీటర్లు. రెట్లు మార్చుకునే సైట్లకు ఆదరణ పెరగడానికి ఇది ఒక కారణం.

అమెరికన్ మెరైన్ దళం 2004 నుంచి నాలుగు రెట్ల స్థిర సైటును సాధారణ పదాతి జవానుకు ఇచ్చింది. 2020 ఫిబ్రవరిలో అది ఒకటి నుంచి ఎనిమిది రెట్ల వరకు మార్చుకోదగిన సైటుకు మళ్లింది. సుమారు 19,000 సైట్లకు, విడిభాగాలు, శిక్షణ కలుపుకొని 6.4 కోట్ల డాలర్ల పరిమితితో ఒప్పందం కుదిరింది. 2022లో అమెరికన్ సైన్యం కూడా ఒకటి నుంచి ఎనిమిది రెట్ల సైటునే తన కొత్త రైఫిల్‌కు ఎంచుకున్నది. దగ్గరలో ఒక రెట్టుకు తిప్పితే రెండు కళ్లూ తెరిచి చూడవచ్చు, దూరాన రెట్లు పెంచుకోవచ్చు. అయితే బరువు, ధర రెండూ పెరుగుతాయి. బిగింపుతో కలిపి ఇటువంటి సైట్లు అర కిలో నుంచి తొమ్మిది వందల గ్రాముల దాకా తూగుతాయి. నాలుగు రోజుల గస్తీకి నీళ్లు, మేగజీన్లు, తిండి మోసే వానికి ఆ బరువు కాగితంపై కనిపించినంత తేలిక కాదు.

ధర విషయానికి వద్దాం. భారత సైన్యం సిగ్ 716 రైఫిళ్లను 2019లో 72,400, 2024 ఆగస్టులో మరో 73,000 కొనడానికి ఒప్పందాలు చేసుకున్నది. రెండవ ఒప్పందం విలువ దాదాపు 837 కోట్ల రూపాయలని వార్తలు వెలువడ్డాయి. అంటే ఒక్కో రైఫిల్‌కు లక్షా 15 వేల రూపాయలు. మెరైన్ దళం ఒప్పందాన్ని అదే తీరున భాగిస్తే ఒక్కో సైటుకు, దాని వెంట వచ్చే సేవలతో సహా, నాటి మారకం విలువలో 2 లక్షల 40 వేల దాకా తేలుతుంది. రైఫిల్ కన్నా దాని కన్నుకే రెట్టింపు ఖర్చు! జార్ఖండ్ వంటి రాష్ట్రానికి భద్రతా వ్యయం కింద కేంద్రం నిధులు తిరిగి చెల్లిస్తున్నా, ప్రతి జవానుకూ అటువంటి సైటు కొనడం అసాధ్యం. అనవసరం కూడా.

అందరికీ ఒకే అద్దం అన్న విధానం మన కొనుగోళ్లకు అలవాటైన జాడ్యం. జంషెడ్‌పూర్‌లో మకాం ఉన్న 106వ బెటాలియన్ ద్రుత కార్యాచరణ దళానికి అల్లర్ల అదుపే పని. దానికి ఈ స్కోపులతో నిమిత్తమే లేదు. అడవిలో తిరిగే సెక్షన్‌లో ఎక్కువమందికి పెద్దది చేసి చూపని ఎర్రచుక్క సైటు చాలును. ఒకరిద్దరికి ఒకటి నుంచి ఆరు రెట్ల సైటు, దూరపు గురికానికి నాలుగు రెట్ల స్థిర సైటు ఇస్తే అవసరానికీ ఖర్చుకూ పొత్తు కుదురుతుంది. ఎనిమిది, పది రెట్లు అంటూ నాణ్యతా నిబంధనలలో అంకెలు పెంచుకుంటూ పోవడం వల్ల కలిగే లాభం అమ్మకందారులకే.

టెండరులో సాధారణంగా కనిపించని అంశాలే అడవిలో ముందుగా బయటపడతాయి. తూర్పు భారతపు వర్షాకాలపు తేమకు అద్దాల లోపల ఆవిరి పడుతుంది, బూజు పడుతుంది. లోపల నైట్రోజన్ వాయువు నింపి గాలి చొరకుండా మూసిన సైట్లు తప్ప తక్కినవి రెండు మూడు వర్షాకాలాలకు మించి నిలవవు. ఏకే తరహా రైఫిళ్లలో పై మూత కదులుతుంది గనుక దానిపై బిగించిన సైటు గురి తప్పుతుంది. పక్కనున్న పట్టాకు గాని, గట్టిగా నిలిచే కొత్త తరహా మూతకు గాని బిగించాలి. సైటును ప్రతి రాత్రీ ఊడదీసి ఆయుధాగారంలో విడిగా దాచి, ఉదయం మళ్లీ బిగించే అలవాటు ఉన్నచోట నాసిరకం బిగింపు ఉంటే ఎంత ఖరీదైన అద్దమైనా వృథాయే. ఒక మిల్లీరేడియన్ తేడా వస్తే 100 మీటర్ల వద్ద గుండు 10 సెంటీమీటర్లు, 300 మీటర్ల వద్ద 30 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 100 మీటర్లకు గురి సరిచేసిన ఏకే గుండు 300 మీటర్ల దూరం చేరేసరికి అర మీటరుకు పైగా కిందికి దిగుతుంది. ఇవన్నీ జవానుకు అలవడాలంటే ఏడాది పొడవునా గుండ్లు కాల్చే అవకాశం ఉండాలి. సైట్ల బడ్జెట్‌తో పాటు సాధన గుండ్ల బడ్జెట్ పెరగకపోతే కొత్త అద్దం పాత ఇనుప సైటు కన్నా హీనం. ఇంతా చేసి, సారండాలో జవాన్లను ఎక్కువగా బలిగొంటున్నవి దారిలో పాతిన మందుపాతరలు. వాటికి ఏ స్కోపూ విరుగుడు కాదు.

అమెరికాలో ఇన్ని రకాల సైట్లు పుట్టుకు రావడానికి అక్కడి పౌరులు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను స్వేచ్ఛగా కొనగలగడం ముఖ్య కారణం. మన ఆయుధ చట్టం కింద సామాన్య పౌరునికి అటువంటి రైఫిల్ లైసెన్సు దొరకదు. ఒక్కో గుండుకూ చేత్తో బోల్టు లాగవలసిన.315 రైఫిల్‌తో అతడు సరిపెట్టుకోవాలి. ఈ కట్టడి మంచిదే. దాని పర్యవసానంగా సైట్ల తయారీదారుకు దేశంలో చెప్పుకోదగిన కొనుగోలుదారు ప్రభుత్వం ఒక్కటే. ఆర్డరు వస్తే పండుగ, రాకపోతే పస్తు. రక్షణ ఉత్పత్తుల కర్మాగారాలను 2021 అక్టోబరులో ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు డెహ్రాడూన్‌లోని దృశ్య పరికరాల కర్మాగారం ఇండియా ఆప్టెల్ గొడుగు కిందికి వచ్చింది. ప్రైవేటు రంగంలో ఎంకేయూ, మెడ్‌బిట్ సంస్థల కూటమికి రక్షణ మంత్రిత్వ శాఖ 2025 అక్టోబరు 15న రూ. 659.47 కోట్ల ఒప్పందం ఇచ్చింది. సిగ్ రైఫిల్‌కు నక్షత్రాల వెలుగులో సైతం 500 మీటర్ల దాకా పనిచేసే రాత్రి సైట్లు ఇందులో ఉన్నాయి. దేశీయ భాగం 51 శాతానికి పైబడి ఉండాలన్నది షరతు.

ఆ మరునాడే కృష్ణా జిల్లా నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సుమారు 360 కోట్ల రూపాయలతో నెలకొల్పిన రాత్రి దృష్టి పరికరాల కర్మాగారాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. ఈ కర్మాగారానికి మూలం 1926లో బందరులో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ. పాఠశాలల ప్రయోగశాలలకు పరికరాలు చేసిన ఆ సంస్థను 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తనలో కలుపుకున్నది. కటకాలు నూరడంలో అక్కడ తరాల అనుభవం ఉన్నది. ప్రభుత్వ శ్రద్ధ, నిధులు ప్రస్తుతం రాత్రి సైట్ల వైపు మొగ్గుతున్నాయి. పిరి, మోన్ ఘటనలలో మొదటిది జరిగింది పట్టపగలు. రెండవది సాయంత్రం వేళ. పగటి సైట్లకు కేంద్ర బలగాలు, రాష్ట్రాల పోలీసులు కలిసి ఒకే నాణ్యతా నిబంధనతో పెద్ద ఆర్డరు పెడితే నిమ్మలూరు, డెహ్రాడూన్‌లలో ఆ పని చేయగల యంత్రాలూ, మనుషులూ ఉన్నారు. ఒక్కో రాష్ట్రం వందా రెండు వందల చొప్పున అతి తక్కువ ధర కోట్ చేసిన వారి వద్ద కొంటూ పోయినంత కాలం వారికి ఆ ఆర్డరు రాదు.