స్నేహాన్ని తాకట్టు పెట్టించే ఆట

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజున, ప్రమాద ప్రాంతమని ప్రకటించిన మేర సముద్రంలోకి పడవలు వెళ్ళకూడదు. వేట ఆగుతుంది. గ్రూపు లోను కిస్తీ మాత్రం ఆగదు. పులికాట్ ఒడ్డు పల్లెల ఆడవాళ్ళ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు 2021లో వచ్చిన కొరియా సీరియల్ ‘స్క్విడ్ గేమ్’ గుర్తొస్తుంది.

అందులో అప్పుల్లో మునిగిన 456 మంది ప్రాణాలొడ్డి చిన్నపిల్లల ఆటలు ఆడతారు. ఒక ఆటకు ముందు జతలు కట్టమంటారు. చాలామంది తాము బాగా నమ్మిన మనిషినే ఎంచుకుంటారు. తీరా చూస్తే ఆడాల్సింది ఆ మనిషితోనే పోటీగా. పదేసి గోలీలిచ్చి, ఎదుటివాళ్ళవన్నీ అరగంటలో గెలవమంటారు. ఓడితే చావే. అక్కడ భార్యాభర్తల జంట ఒకటుంది. భర్త బతికాడు, ఆ తర్వాత ఉరేసుకున్నాడు. డబ్బున్నవాళ్ళు ముసుగులేసుకుని, తాగుతూ ఈ ఆటలు చూస్తారు.

దీన్ని నమ్మకానికి పరీక్ష అంటారు. నమ్మకాన్ని పరీక్షించే హక్కు ఆ ముసుగుల వాళ్ళకెవరిచ్చారని మాత్రం ఎవరూ అడగరు.

మన దగ్గర ఆ ఆట పేరు ‘ఉమ్మడి బాధ్యత’. తాకట్టు అక్కర్లేని అప్పు అంటారు. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్ళు కట్టాలి. అంటే ఇరుగుపొరుగు స్నేహమే తాకట్టు. వసూలు పని కూడా జీతం లేకుండా ఆడవాళ్ళ చేతే చేయిస్తారు. గడప ముందు కూర్చుని నిలదీసేది నిన్నటి స్నేహితురాలే. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో అప్పుల వేధింపులతో ఆడవాళ్ళు ఆత్మహత్యలు చేసుకున్నాక గానీ ప్రభుత్వం కదలలేదు. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో చట్టం వచ్చాయి. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

2022లో తిరుపతి జిల్లాలో కలిసేదాకా శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ నెల్లూరులోనే 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళదీ గుంపే. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకోకుండా, అంతా కలిసి కాంట్రాక్టరును నిలదీశారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఐక్యతనే తర్వాత పొదుపు సంఘాల్లోకి మళ్ళించారు. ఆ అలవాటు మీదే అప్పుల కంపెనీలు వచ్చి కూర్చున్నాయి.

ఇందులో మన పాత్ర లేదా? కిస్తీలు సక్రమంగా వసూలైతే దాన్నే ‘సాధికారత’ అని రిపోర్టుల్లో రాసింది మనం కాదా? ఇకనైనా గట్టిగా అడుగుదాం. ఎవరి అప్పుకు వాళ్ళే బాధ్యులు కావాలి. వేట ఆపిన రోజున కిస్తీ ఆగాలి. గడప మీద పరువు తీస్తే, తీయించిన కంపెనీ మీద కేసు పెట్టాలి. ఆడవాళ్ళకు ఈ ఆటలో నెగ్గడం నేర్పింది చాలు. ఇక ఆట ఆపించే పని మొదలుపెడదాం.