గడప దాటి చూద్దాం

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అయినా వీధి చివరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను మనలో అనేకులం ఇరుగుపొరుగు మాట విని తోసిపుచ్చుతున్నాం. తీర్పుకు ముందు విచారణ మన ధర్మం. ఒక పూట లోపలికి వెళ్ళి చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. తాగునీరు, బాలికలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలి. ఉన్నాయా? మూడో తరగతి బిడ్డ పాఠం తడబడకుండా చదువుతున్నాడా? ఉర్దూ మాధ్యమమైతే ఉపాధ్యాయ ఖాళీలు భర్తీ అయ్యాయా?

లోపం కనబడగానే వెనుదిరగనక్కరలేదు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు. అక్కడ అడిగే హక్కు మనది. మనం తప్పుకుంటే, ఫీజు కట్టలేని పొరుగువారి పిల్లలు ఆ లోపాల మధ్యనే మిగిలిపోతారు. వారి విషయంలోనూ అల్లాహ్ ఎదుట మనం జవాబుదారులమే.