పల్లి రైతుకు రెండు అడ్డుగోడలు

అచ్చంపేట ప్రాంతంలో యాసంగి పల్లికి పెట్టింది పేరు చెల్క నేలలు. అయితే పండించిన రైతుకు గిట్టుబాటు ధర మాత్రం నిలకడగా దక్కడం లేదు. 2024 ఫిబ్రవరిలో ధర పడిపోయిందని అచ్చంపేట మార్కెట్ యార్డులో రైతులు ఆందోళనకు దిగారు. యార్డులో తూకం, ధర సక్రమంగా జరిగేటట్లు చూడవలసిందే. కాని పల్లి ధరలో కొంత భాగం యార్డులో కాదు, ఓడరేవుల్లో నిర్ణయమవుతున్నది. ఈ సంగతి రైతులు గ్రహించవలసి ఉన్నది.

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుండే వస్తున్నది. అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. ఒక హెక్టారు పామ్ తోట నుండి మూడు, నాలుగు టన్నుల నూనె వస్తే, హెక్టారు పల్లి నుండి టన్ను కూడా రాదు. నూనె చౌకలో పల్లి పామాయిల్‌తో పోటీ పడలేదు.

అందుకే కేంద్రం దిగుమతి సుంకం అనే గోడ కడుతుంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్‌పై మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుండి 27.5 శాతానికి పెంచారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2025 మే నెలాఖరులో, 16.5 శాతానికి దించారు. పెంచితే కూలీనాలీ జనానికి నూనె ప్రియమవుతుంది. దించితే రైతుకు దెబ్బ. ఇద్దరి బాధా నిజమే. కాని సుంకం ఎప్పుడు మారుతుందో తెలియకపోతే ఏ పంట వేయాలో రైతు ఎట్లా తేల్చుకోవాలి?

మేస్త్రి కూలీ కన్నా వేగంగా ఇటుకలు మోయగలడు. అయినా మోత కూలీకి అప్పగించి తాను గోడ కడతాడు. ఇద్దరికీ లాభమే. దేశాల మధ్య వ్యాపార సూత్రమూ ఇదేనని 1817లో ఇంగ్లండు ఆర్థికవేత్త రికార్డో చెప్పాడు. ఆ లెక్కన పల్లిని చౌక నూనెకు కాక, తినే గింజగా అమ్ముకోవడమే మనకు మేలు. మన పల్లిని ఎక్కువగా కొనే దేశాల్లో ఆ ఇండోనేషియాయే ముందున్నది.

ఇక్కడే రెండో గోడ ఎదురవుతున్నది. గింజల్లో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉన్నదని ఇండోనేషియా 2025 సెప్టెంబరు 3 నుండి భారత పల్లి దిగుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. ఐరోపా దేశాల్లోనైతే నేరుగా తినే పల్లిలో ఈ విషం కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదు. ఇది సుంకం కాదు, బతిమాలితే తగ్గేదీ కాదు. ఆరోగ్యానికి సంబంధించిన ఈ నిబంధనను తప్పుపట్టలేము. ఆ పల్లి తినే మన పిల్లలకూ ఆ విషం విషమే.

పీకిన పల్లిని పచ్చిగానే కుప్పవేయడం, కాయ ఒలిచే ముందు నీళ్లు చల్లడం, తడి నేలపై బస్తాలు పేర్చడం వల్ల బూజు పెరుగుతుంది. కాయలు పైకి వచ్చేటట్లు మొక్కలను తిరగేసి ఎండబెట్టి, తేమ 8 శాతానికి దిగిన తర్వాతే నిలువ చేస్తే చాలా వరకు నివారించవచ్చు. తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని కనిపెట్టే పరీక్షను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఏనాడో రూపొందించారు.

అయితే బాగా ఎండబెట్టిన పల్లికీ, తడి పల్లికీ ఒకే ధర కడితే రైతు ఎందుకు శ్రమ పడతాడు? కనుక పల్లి వచ్చే ప్రతి యార్డులోనూ ఆరబెట్టే సిమెంటు కళ్లాలు, తేమ కొలిచే యంత్రాలు, అఫ్లటాక్సిన్ పరీక్ష అందుబాటులో ఉండాలి. పరీక్షలో నెగ్గిన సరుకుకు ఎక్కువ ధర ఇప్పించాలి. 2025-26కు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంతకన్నా తగ్గినప్పుడు ప్రభుత్వమే కొనాలి. కేంద్రం కూడా నూనెల సుంకాన్ని విత్తే ముందే ప్రకటించి, పంట అమ్ముడయ్యే దాకా మార్చకుండా ఉంచాలి.

ఢిల్లీ సుంకం రైతు చేతిలో లేదు. బూజును అరికట్టడం మాత్రం రైతు, మార్కెట్ కమిటీ కలిస్తే సాధ్యమే. వచ్చే పల్లి పీకుడుకు ముందే సంబంధిత అధికారులు ఇందుకు పూనుకోవాలి.