సొరను చూపించినంత మాత్రాన చదువు రాదు

"పిల్లలకు సొర చేపను చూపించినం, ఒక్క పూటల సముద్రం సంగతులన్నీ తెలిసిపోయినై." లింగాల ఘనపూర్‌లో ఒక పంతులు మొన్న తల్లిదండ్రుల ముందు అన్న మాట ఇది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

పట్నంలో ఎగ్జిబిషన్‌లో పెట్టిన గాజు సొరంగం చూసి వచ్చారు. టికెట్టు కొన్నారు, సెల్ఫీలు దిగారు, బయటపడ్డారు. ఆ ఫోటోలు నేనూ చూశాను. సొర అని చూపించిన చేపకు మూతి దగ్గర మీసాలున్నాయి, మొప్పల మీద మూత ఉంది. అది పంగాసియస్. జెల్లల జాతి, మెకాంగ్ నది చేప, మంచినీళ్లలో బతికేది. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో కూరకోసం పెంచుతారు. సొరకు మొప్ప మూత ఉండదు. తల వెనక రెండు పక్కలా 5 నుంచి 7 చీలికలుంటాయి. ఒంట్లో ఎముక ఉండదు, అంతా మృదులాస్థి. ఆ చీలికలు లెక్కపెట్టండి అని పిల్లలతో ఒక్కరైనా అన్నారా? అనుంటే అబద్ధం అక్కడే బయటపడేది. పిల్లల కళ్ల ముందు అబద్ధం పెట్టి దాన్ని విజ్ఞాన యాత్ర అంటే ఎలా ఊరుకుంటాం?

విదేశాల్లో అసలు సొరలనే చూపిస్తారు కదా అంటారు. అమెరికాలో మాంటెరే బే అక్వేరియం 2004లో ఒక తెల్ల సొర పిల్లను పెట్టి, 198 రోజులకు సముద్రంలో వదిలేసింది. తోటి సొరలను చంపడం మొదలుపెట్టింది మరి. అంత డబ్బు, అంతమంది శాస్త్రవేత్తలు ఉన్నచోటే అలా జరిగితే, హైదరాబాద్ శివారు కొత్వాల్‌గూడలో ఆక్వా మెరైన్ పార్కు ఎందుకండీ? సముద్రం లేని రాష్ట్రం కాబట్టి కావాలట. అదొక వాదనా!

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో తిమింగల సొర వలలో పడింది. అటవీశాఖ వాళ్లు, జాలర్లు కలిసి దాన్ని తిరిగి కడలిలోకి పంపారు. 2001 నుంచి దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. సొర గురించి చెప్పాల్సిన పాఠం ఇది. దీనికి టికెట్టు అక్కర్లేదు.

చేపనే చూపించాలంటే కొర్రమీను లేదా? 2016 నుంచి మన రాష్ట్ర చేప. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే, తల్లీతండ్రీ కిందే కాపలా కాస్తుంటాయి. ఉండుండి పైకొచ్చి గాలి గుటక వేసి మళ్లీ మునుగుతాయి. మన మండలం చెరువు కట్ట మీద కాసేపు ఓపిగ్గా కూర్చుంటే కనబడుతుంది. ఎక్కడ చూడాలో ముదిరాజులను, గంగపుత్రులను అడగండి, చెబుతారు. వచ్చే వానలకు బస్సు మాట్లాడకుండా పిల్లలను అక్కడికి తోలుకురమ్మని ఆ పంతులుకు చెబుతున్నాను.